మీడియమక్క బిగబట్టిన ఊపిరి

ఒంటిని ఉద్యోగానికి పంపించి తను మాత్రం ఎటో షికారు పోయే మనిషి ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఆ బట్టల కంపెనీలో ఉంది. అందరూ ఆమెను మీడియమక్క అంటారు. యజమాని దగ్గర్నుంచి మెట్లు తుడిచే ఆవిడ దాకా అదే పిలుపు. సొంత పేరు జీతాల రోజున ఒకసారి పలుకుతారు. అప్పుడు కూడా పక్కవాళ్లు మోచేత్తో పొడిస్తే గానీ ఆమె లేవదు.

చేసే పనిని బట్టి వచ్చిన పేరు అది. ఆ కంపెనీ ఆడవాళ్ల చొక్కాలూ గౌన్లూ కుట్టి దుకాణాలకు పంపుతుంది. కొత్త రకం ఏదైనా మొదలుపెట్టాలంటే ముందు మధ్య సైజు ఒకటి కుట్టి, ఒక మనిషికి తొడిగి చూసి, సరిచేసి, దాని ప్రకారం అట్ట కత్తిరిస్తారు. మిగతా సైజులన్నీ ఆ అట్టనుంచే పుడతాయి. కాస్త తగ్గిస్తే చిన్నది, కాస్త పెంచితే పెద్దది. ఆ ఒక్క మనిషి మీడియమక్క. అంటే ఊళ్లో ఆ కంపెనీ చొక్కా వేసుకున్న ప్రతి ఆడమనిషీ, లావైనా సన్నమైనా, ఈవిడ కొలతల్లోంచి వచ్చిన బట్టనే వేసుకుంటోందన్నమాట.

మొదట్లో ఆమె దారాల బల్ల దగ్గర కూర్చునేది. కుట్టు పూర్తయిన బట్టలకు వేలాడే దారాలను చిన్న కత్తెరతో తుంచడం అక్కడి పని. కళ్లు లాగేస్తాయి, మెడ పట్టేస్తుంది, బాగా చేశావని అనే నాథుడు ఉండడు. పెళ్లయి ఏడాది తిరగని రోజుల్లో ఒక ఉదయం కటింగు మాస్టారు కొత్త చొక్కా ఒకటి చేత పట్టుకుని హాలంతా కలయజూశాడు. అంతకుముందు కొలతకు నిలబడే అమ్మాయి పని మానేసి వెళ్లిపోయింది. ఆయన చూపు దారాల బల్ల మీద ఆగింది.

“అమ్మాయ్, నువ్వే. లేచి ఇలా రా.”

నిలువుటద్దం ముందున్న చెక్కపీట మీద ఆమెను ఎక్కించారు. మాస్టారు పెదాల మధ్య వరసగా గుండుసూదులు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి చొక్కాకు గుచ్చుతున్నాడు. మిషన్ల మీదున్న ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. ఆమెకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. ఊపిరి బిగబట్టేసింది. మాస్టారు చుట్టూ తిరిగి చూసి, నోట్లో సూదులు లేని పక్కనుంచి, “అచ్చు! అచ్చులో పోసినట్టుంది ఒళ్లు” అన్నాడు. అంతవరకూ ఆమెలో ఏదో ఒకటి బాగుందని పుట్టింటివాళ్లు అనలేదు, అత్తింటివాళ్లు అసలే అనలేదు. ఆయన సుద్దముక్క కోసం అటు తిరగ్గానే గబుక్కున గాలి పీల్చుకుని, ఇటు తిరిగేలోపు మళ్లీ బిగబట్టింది.

మొదటి రోజు సిగ్గు. మరి రెండో రోజు? రెండో రోజు భయం. ఊపిరి తీస్తే కొలత మారిపోతుంది, కొలత మారితే మళ్లీ దారాల బల్లే గతి అనుకుంది. ఫొటో తీసేటప్పుడు కదలకూడదు కదా, ఇదీ అంతే కాబోలనుకుంది. “మాస్టారూ, ఊపిరి తీసుకోవచ్చా?” అని ఒక్క ముక్క అడిగితే పోయేదానికి ఆమెకు నోరు రాలేదు. ఆయనకా, నోటి నిండా సూదులు.

అసలు చిక్కు ఇంకొకటుంది. చొక్కా ఒంటికి అతుక్కుపోకుండా కాస్త వదులు ఉంచాలి. ఎంత వదలాలో మాస్టారు ఆమె మీద చూసే తేల్చేవాడు. ఊపిరి బిగబట్టి నిలబడితే ఎవరి మీదైనా చొక్కా వదులుగానే కనిపిస్తుంది. యజమానికి బట్ట మిగిలితే సంతోషం, మాస్టారుకి నాజూకు ఇష్టం. ఇద్దరి ముచ్చటా తీరేలా ఆ వదులు కాస్తా సూదుల కింద నొక్కేసేవాడు.

బిగబట్టిన ఊపిరితో గంటలు గంటలు ఒంట్లో ఉండటం మాటలు కాదు. అందుకని ఆమె బయటకు వెళ్లిపోవడం నేర్చుకుంది. ఒంటిని పీట మీద నిలబెట్టి, తను ఇంటికెళ్లి గిన్నెలు సర్దేది. చిన్నప్పటి ఇంటి వెనక గోడెక్కి కూర్చునేది. ఆడపడుచుతో పోట్లాటలో అప్పుడు తట్టని జవాబులన్నీ తీరిగ్గా ఇచ్చి వచ్చేది. ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచెయ్యమని ఎవరికైనా చెప్తాం. ఈవిడ పని దాన్ని దూరంగా పెట్టుకుంటేనే సాగేది. ఒక్కోసారి సూది చురుక్కుమనిపించేది.

“అయ్యో, గుచ్చుకుందామ్మా?”

“ఆఁ? దానికి గుచ్చుకున్నట్టుంది మాస్టారూ, మీరు కానివ్వండి.”

హాలంతా నవ్వేవారు. ఆమె వేళాకోళానికి అనలేదు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి కూడా దాంతో అలాగే మాట్లాడేది. “ఏమే, నిన్న ఏం మెక్కావు? పరువు తీసేలా ఉన్నావు” అని పెంకి కోడలిని గదమాయించే అత్తగారిలా గదమాయించి, ఆ పూట తిండి సగం చేసేది. మొగుడు బడి బస్సు నడుపుతాడు. నెమ్మదైనవాడే గానీ నోరు ఊరుకోదు. “మా ఆవిడ వంటింట్లో ఉంటే మనసు వరండాలో ఉంటుంది. ఎటు తిరిగి మాట్లాడాలో తెలియక చస్తున్నా” అనేవాడు.

అయినా ఆమెకు ఆ పని మీద చచ్చేంత ప్రేమ. బస్సులో తను నిలబడ్డ చొక్కా ఎవరి మీదైనా కనిపిస్తే స్టాపు దాటిపోయినా చూసుకోదు. ఆ చొక్కాలు వేసుకున్నవాళ్లు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారని, వంగరని, గట్టిగా నవ్వరని కనిపెట్టింది కూడా. ఎంత హుందాగా ఉంటారో అని మురిసిపోయింది. మధ్య గుండీని వేళ్లతో ఎందుకు లాక్కుంటారో మాత్రం ఆలోచించలేదు. అన్నేళ్లలో తన కోసం ఆ కంపెనీ చొక్కా ఒక్కటీ కొనుక్కోలేదు. ఇంట్లో ఎప్పుడూ గోనెసంచిలాంటి గౌనే. ఎందుకని ఎవరూ అడగలేదు.

కూతురు పుట్టాక మళ్లీ పనికి వెళ్లింది. పొట్ట తగ్గలేదు. జారిన చర్మం, దాని మీద చారలు, లోపల మెత్తగా ఒక ముద్ద. మాస్టారు టేపు తీసేసరికి ఆమె ఊపిరితో పాటు ఆ పొట్టను కూడా వెన్నుదాకా లాక్కుంది. టేపు చూసి ఆయన పొంగిపోయి హాలు వైపు తిరిగాడు. “చూశారా, బిడ్డను కన్నా చెక్కు చెదరలేదు!” అని చాటాడు. ఇక ఆ పొట్ట బయటకు రాలేదు. పొయ్యి దగ్గరా, బస్సులోనూ, చుట్టాలింట్లోనూ లోపలే ఉంది. ఆమె కూడా దాని సంగతి మర్చిపోయింది.

కూతురు తండ్రి పోలిక. వెడల్పాటి భుజాలు, గట్టి ఎముక. చదువు ముగించి చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరింది. మొదటి రోజు వేసుకోమని మీడియమక్క కంపెనీ నుంచి నీలం చొక్కా తెచ్చింది, మధ్య సైజు. పిల్ల సంబరంగా తొడుక్కుంది. గుండీలు కలవలేదు.

“నాకు సరిపోయింది కదే! ఈ వయసులో నీకు పట్టకపోవడమేంటి? రెండు ముద్దలు తగ్గించు.”

కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. తనకు తను చెప్పుకునేదే కూతురికీ చెప్పింది. ఆ పిల్ల దాన్ని మనసుకు పట్టించుకుంది. పొద్దున తిండి మానేసింది, తర్వాత సాయంత్రం మానేసింది. అద్దం ముందు నిలబడి నడుం దగ్గర కండ వేళ్ల మధ్య పట్టుకుని, “ఇదొకటి దాపురించింది నాకు. గేదె!” అని తిట్టుకునేది. వంటింట్లోంచి ఆ తిట్లు వింటూ మీడియమక్క పని చేసుకుపోయేది. ఆ ఇంట్లో ఒంటిని తిట్టడం వింత కాదు కదా. తండ్రి ఒకటి రెండుసార్లు, “పిల్ల ఎండిపోతోందే” అన్నాడు. “మీకేం తెలుసు, ఊరుకోండి” అని ఆయన నోరు మూయించింది. ఒక రోజున గుండీలు కలిశాయి. తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఇప్పుడు చూడు, ఎంత ముచ్చటగా ఉన్నావో!” అంది. ఆ మాట తలుచుకుని తర్వాత ఆమె ఎన్నిసార్లు చెంపలు వాయించుకుందో.

ఎందుకంటే ఆ నీలం చొక్కాలోనే కూతురు పడిపోయింది. బోర్డు మీద పైవరసలో అక్షరాలు రాయడానికి చెయ్యెత్తింది, అంతే. పిల్లలు కేకలు పెట్టారు. పక్క వీధిలోని క్లినిక్‌కి మోసుకెళ్లి, తల్లికి కబురు చేశారు. మీడియమక్క చెప్పులు తిరగేసి తొడుక్కుని పరిగెత్తింది.

వెళ్లేసరికి కూతురు మంచం మీద కళ్లు తెరిచే ఉంది. చేతికి సెలైను. లావుపాటి నర్సమ్మ ఒకావిడ చొక్కా గుండీలు విప్పి, మెడ లోపల కంపెనీ పేరున్న పట్టీ తిప్పి చూస్తోంది.

“తిండి లేదు సరే, దాని మీద ఈ బట్టొకటి! ఈ కంపెనీదే నేనూ ఒకటి కొన్నానమ్మా. ఊపిరి బిగబట్టి తొడుక్కోవాలి, విప్పేదాకా వదలకూడదు. మనుషుల్ని చూసి కుట్టారో కొయ్యల్ని చూసి కుట్టారో!”

కూతురు నీరసంగా తల తిప్పింది.

“బట్టది తప్పు కాదండీ. మా అమ్మకి వేసి చూసి కుట్టిందే. అమ్మకి సరిగ్గా సరిపోయింది. నా ఒళ్లే... దీనికి ఎంత చెప్పినా బుద్ధి రాదు.”

మీడియమక్క మంచం కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. బస్సులో నిటారుగా కూర్చున్న ఆడవాళ్లూ, వాళ్లు లాక్కున్న మధ్య గుండీలూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అది హుందా కాదు, ఊపిరాడకపోవడం. తను కాసేపు ఆపిన ఊపిరిని వాళ్లంతా రోజంతా ఆపుతున్నారు. ఆపి, చొక్కాను ఒక్క మాట అనకుండా తమ ఒళ్లనే తిట్టుకుంటున్నారు. ఈ లోకంలో ఆ సంగతి తెలిసిన మనిషి తనొక్కతే. చెప్తే ఇన్నేళ్ల మీడియమక్క ఉండదు. చెప్పకపోతే ఈ పిల్ల ఉండదేమో.

రాత్రే కూతురిని ఇంటికి తెచ్చుకుని, మర్నాడు ఆ పిల్ల దగ్గర తండ్రిని కూర్చోబెట్టి పనికి వెళ్లింది. కొత్త చొక్కా సిద్ధంగా ఉంది. పీట ఎక్కింది. మాస్టారికి జుట్టు నెరిసింది గానీ సూదుల అలవాటు పోలేదు. యజమాని కొడుకు, అందరూ చిన్నయ్యగారనే కుర్ర పెద్దమనిషి, కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. మాస్టారు ఛాతీ దగ్గర సూది గుచ్చి, నడుం దగ్గర గుచ్చి, “బ్రహ్మాండం. కదలకమ్మా” అన్నాడు.

ఒళ్లు మామూలుగా తన పని తను చేసుకుపోతోంది, ఊపిరి ఆపేసి, పొట్ట లాక్కుని. ఆమె మాత్రం ఆ పూట ఎటూ పోలేదు. నోరు తెరిచి పొట్ట నిండా గాలి పీల్చింది. మధ్యలో సూది ఒకటి ఊడి పీట మీద పడింది. చంక దగ్గర కుట్టు పిట్‌మంది.

“ఏమైందమ్మా, దగ్గొచ్చిందా?”

“లేదు మాస్టారూ. ఊపిరొచ్చింది.”

ఆయనకు అర్థం కాలేదు.

“రోజూ వచ్చేదే మాస్టారూ. మీరు సూదులు పెట్టినంతసేపూ ఆపుకునేదాన్ని. మొదటి రోజు నుంచీ ఆపుకుంటూనే ఉన్నా.”

మాస్టారు పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకు కట్టుకున్న సూదుల దిండుకు గుచ్చుకున్నాడు. గోడ వైపు చూశాడు. అక్కడ ఇన్నేళ్ల అట్టలు వరసగా మేకులకు వేలాడుతున్నాయి.

“అన్నీనా?”

“అన్నీ.”

“నోరు లేదా నీకు?” ఆయన గొంతు లేచింది. “ఒక్క మాట అనొచ్చు కదా! నా చేతిపని మొత్తం... ఛ!”

“దారాల బల్లకి పంపేస్తారని భయపడ్డాను. తప్పు నాదే మాస్టారూ. నిన్న నా కూతురు ఈ చొక్కా కోసం తిండి మానేసి పడిపోయింది. ఇక నావల్ల కాదు.”

మాస్టారు కోపం ఎక్కడికి పోయిందో పోయింది. టేపు తీశాడు. “వదిలెయ్యమ్మా, పూర్తిగా వదిలెయ్” అని చుట్టూ పట్టుకుని చూశాడు. అంకె పైకి చెప్పలేదు. “నువ్వు మీడియం కాదమ్మా” అన్నాడు మెల్లగా.

“కాదు మాస్టారూ. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ కాదు.”

మిషన్లు ఎప్పుడు ఆగాయో ఆగాయి. వెనక వరసలోంచి ఒకావిడ, “అదీ సంగతి! నేను కుట్టిన చొక్కా నాకే పట్టక, నాకేదో జబ్బు చేసిందని టెస్టులు కూడా చేయించుకున్నానే!” అంది. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది. కొందరు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. చిన్నయ్యగారు ఫోను జేబులో పెట్టుకుని లేచాడు.

“ఈ గొడవంతా ఎందుకు మాస్టారూ, ఒక బొమ్మ తెప్పించేద్దాం.”

“బొమ్మకి ఊపిరెక్కడిదండీ!” మాస్టారు కసిరాడు. “అసలు గొడవంతా అదేగా!”

ఏం చెయ్యాలో నాన్నగారితో మాట్లాడి చెప్తాననీ, అప్పటిదాకా ఆవిడను ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టమనీ చెప్పి చిన్నయ్యగారు వెళ్లిపోయాడు. ఎక్కడో ఒకచోటంటే దారాల బల్లే. మీడియమక్క పీట దిగి వెళ్లింది. ఇన్నాళ్లూ ఎంత దూరమనుకుందో, నాలుగడుగుల్లో వచ్చేసింది. బల్ల దగ్గరివాళ్లు జరిగి చోటిచ్చారు. కత్తెర చేతికిచ్చారు. సాయంత్రం దాకా తల ఎత్తకుండా దారాలు తుంచింది. ఏడుపొచ్చింది గానీ అందరి ముందూ ఏడవలేదు.

ఇంటికొచ్చేసరికి కూతురు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన తండ్రి పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. ఆయన తలుపు దగ్గర నిలబడి, “నా మాట వినట్లేదు” అని సైగ చేసి బయటికి వెళ్లాడు. మీడియమక్క మంచం మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఊపిరి సంగతి, సూదుల సంగతి, నర్సమ్మ అన్నది నిజమేనన్న సంగతి.

కూతురు ఇటు తిరగలేదు.

“నన్ను తినిపించడానికి చెప్తున్నావు. నీకు పొట్టెక్కడిదమ్మా? పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా, నీ ఒంట్లో ఒక్క వంక లేదు.”

ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు కూడా తెలియకుండా దాచానా అని ఆమెకు భయమేసింది. కూతురి చెయ్యి తీసుకుని తన గోనెసంచి గౌను కిందికి పోనిచ్చి పొట్ట మీద పెట్టుకుంది. ఆ వేళ్లు తగలగానే పొట్ట దానంతటదే వెన్నుకు అతుక్కుపోయింది.

“చూశావా” అంది కూతురు.

“ఉండు. కాస్త ఉండవే.”

వదలాలనుకుంది. వదల్లేకపోయింది. ఉదయం ఒక్క ఊపులో వదిలింది గానీ, ఇలా సొంతవాళ్ల చెయ్యి పడితే ఎలా వదలాలో ఆ పొట్టకు తెలియదు. అన్నేళ్లు చెప్పినట్టల్లా విన్నది ఇప్పుడు మాట వినడం లేదు. ఎప్పటిలా అయితే ఈపాటికి దాన్ని అక్కడే వదిలేసి తను ఏ గోడెక్కో కూర్చునేది. ఇప్పుడు పోవడానికి మనసు రాలేదు. కూతురి అరచెయ్యి చల్లగా ఉంది. ఆ చెయ్యి దగ్గరే ఉండిపోయింది. గదమాయించలేదు, బతిమాలలేదు. కాసేపటికి పొట్ట నెమ్మదిగా జారి, మెత్తగా, బరువుగా, ఆ పిల్ల అరచేతి నిండా వచ్చింది.

కూతురు లేచి కూర్చుంది. చెయ్యి మాత్రం తియ్యలేదు. వేళ్లతో ఆ చారలు తడుముతోంది.

“ఇది ఎప్పట్నుంచి ఉందమ్మా?”

“నీతోనే వచ్చింది. నువ్వు బయటికొచ్చేశావు, ఇది ఉండిపోయింది. నాకు సిగ్గేసి దాచేశాను.”

“ఇది నేనున్న చోటేనా?”

మీడియమక్క అవునని తలూపింది. ఊపి, ఇక ఆపుకోలేక భోరుమంది. ఏడుస్తుంటే పొట్ట కూతురి చేతి కింద ఎగిరెగిరి పడింది. లోపలికి లాక్కోవాలన్న ధ్యాస ఆమెకు రాలేదు. కూతురు చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత రెండో చేత్తో తల్లి మొహం తుడిచింది.

“అమ్మా” అంది. “ఆకలేస్తోంది.”